చదివి వినిపించాకే సంతకం

ఆ రోజు సెమినార్ హాల్లో మాట్లాడినవాళ్ళలో ఏ ఒక్కరూ ఆవిడ గురించి మాట్లాడలేదు.

వేదిక వెనక ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ ఫోటో చుట్టూ కంప్యూటర్లో దొరికే గులాబీలు, కింద 'విద్యాకుసుమం రాలిపోయింది' అన్న వాక్యం. అర్థశాస్త్ర విభాగాధిపతి మైకు ముందుకొచ్చి ఆమె మరణం కళాశాలకు తీరని లోటన్నారు, ఆమె సేవలు చిరస్మరణీయమన్నారు, ఆమె చూపిన బాటలో మనమంతా నడవాలన్నారు. ఆ బాట ఏమిటో చెప్పలేదు. చెబితే, దాని మీద ఆవిడను నడవనివ్వనిది ఎవరో కూడా చెప్పాల్సి వచ్చేది. తర్వాత సంతాప తీర్మానం చదివారు. నిరుడు పోయిన కెమిస్ట్రీ మాస్టారికి చదివిందే. పేరు మార్చారు గాని, ఒకచోట 'ఆయన కుటుంబానికి' అన్నది అలాగే ఉండిపోయింది. హాల్లో ఎవరూ తలెత్తి చూడలేదు. వింటున్నవాళ్ళు లేరు.

నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ ఎక్కువగా కూర్చున్నది నా లైబ్రరీలోనే కదా. చెప్పలేనన్నాను. దుఃఖం అనుకుని వదిలేశారు. దుఃఖం ఉంది. కాని లేచి నిలబడితే నా నోట్లోంచి వచ్చేది దుఃఖం కాదు. అందుకని కూర్చుండిపోయాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

పేరు రాయను. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో మొదట కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, 'అమూల్యమైన సలహాలతో నన్ను నడిపించిన గైడ్ మేడమ్ గారికి' హృదయపూర్వక ధన్యవాదాలు. ఆవిడ తన పేరున్న వరుసను అడ్డంగా కొట్టేసేవారు. "నీకు పని ఆపుకుని కబురు చెప్పినవాళ్ళ పేర్లేవిరా? వాళ్ళకి చెప్పు థాంక్సు. నాకెందుకు, నా ఉద్యోగమే ఇది" అనేవారు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆవిడకు నచ్చేది కాదు. ఇప్పుడు మాత్రం ఎందుకు?

ఆవిడ అర్థశాస్త్రం చెప్పేవారు. ఊరు చీమకుర్తి పక్క. స్టాఫ్ రూములో గోల ఎక్కువని ప్రాజెక్టు పిల్లల్ని లైబ్రరీలో కిటికీ పక్కన పొడవు బల్ల దగ్గరికి తీసుకొచ్చేవారు. తీసుకొచ్చి ఆ గోలంతా ఇక్కడ చేసేవారు. ఆవిడ గొంతు చిన్నది కాదు. సరిగ్గా ఆ బల్లకు పైన గోడకి 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు ఉండేది. ఒకసారి నేను మాట లేకుండా దాన్ని వేలితో చూపించాను. ఆవిడ తలెత్తి చదివి, "వాక్యం బాగుందండీ, తప్పులేం లేవు" అని మళ్ళీ మొదలుపెట్టారు.

రిపోర్టు చదివేటప్పుడు ఆవిడకో అలవాటు. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, పెన్ను మూతతో వాక్యం మీద తట్టేవారు. 'సర్వే నిర్వహించబడినది.' టక్. "ఎవరు చేశారు?" 'కూలీలకు సౌకర్యాలు కల్పించబడలేదు.' టక్. "ఎవరు కల్పించలేదు?" నేను నా కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు విని, ఎవరి రిపోర్టు ఎలా ఉందో చెప్పగలిగేవాణ్ణి. చప్పుడు ఆగిపోయిందంటే ఏదో మంచిది తగిలిందన్నమాట. అప్పుడు డబ్బాలోంచి ఊరమిరపకాయ ఒకటి తీసి కొరుకుతూ చదివేవారు. ఆ మిరపకాయ డబ్బాకు విద్యార్థుల్లో చాలా పేరుండేది. 'మేడమ్ మిరపకాయ తీశారా?' అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు. అదే వాళ్ళ మార్కుల లెక్క.

తెలుగులో రాయించేవారు కాబట్టి ఆవిడను భాషాభిమాని అనుకునేవాళ్ళు. ఒక సంఘంవాళ్ళు సన్మానం చేస్తామని శాలువా పట్టుకుని వచ్చారు. "నాకు భాషాభిమానం లేదండీ. అబద్ధం మీద చిరాకు, అంతే" అని పంపించేశారు. ఇంగ్లీషంటే ఆవిడకు పడదనుకోవడం కూడా పొరపాటే. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి, ఆవిడ ఇంగ్లీషు మా కాలేజీలో అందరికంటే శుభ్రంగా ఉండేది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఓపిగ్గా ఇంగ్లీషు నేర్పేవారు. బస్సు, సెల్లు, స్ప్రే ఇవన్నీ తెలుగే అనేవారు. రైతు 'మందు కొట్టాను' అంటే 'క్రిమిసంహారక పిచికారీ' అని ఎందుకు రాశావని తిట్టేవారు. ఆవిడ కోపమంతా ఒక్కదాని మీదే.

"మన పిల్లలకి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు అంటారు చూడండి, అది తప్పండీ. వీళ్ళకి ఒక భాష బ్రహ్మాండంగా వచ్చు. రిపోర్టు భాష. ఆ భాషలో ఎవరూ చావరు, మరణాలు సంభవిస్తాయి. ఎవరూ దొంగతనం చెయ్యరు, నిధులు దారి మళ్ళుతాయి. అది మనమే నేర్పాం వీళ్ళకి" అన్నారు నాతో ఒక రోజు. ఆ రోజు పేపర్లో చీమకుర్తి క్వారీలో రాయి జారి ఎవరో పోయిన వార్త ఉంది. పేపరు మడిచి నా బల్ల మీద పెట్టారు. ఆ వార్తలో రాయి జారింది, ప్రమాదం చోటు చేసుకుంది, విషాదం నెలకొంది. క్వారీ ఎవరిదో లేదు.

సెలవుల్లో ప్రతి విద్యార్థీ ఏదో ఒక ఊరికి వెళ్ళి, అక్కడి మనుషుల్ని కలిసి, ఒక ప్రాజెక్టు రాసుకురావాలని ఇప్పుడు నియమం. నియమం మంచిదే. అది వచ్చిన మొదటి వేసవిలోనే కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో ప్రాజెక్టులు దొరకడం మొదలైంది. ఊరి పేరు చెబితే చాలు, స్పైరల్ బైండింగుతో సహా సాయంత్రానికి చేతికిస్తారు. ఇది అందరికీ తెలుసు. తెలిసే సంతకాలు పెడతారు. దీనికి ఎవరికీ సిగ్గు లేదు, ఈ మాట ఎన్నిసార్లయినా రాస్తాను.

ఒక కుర్రాడు ప్రత్తిపాడు మీద ప్రాజెక్టు తెచ్చాడు. వాడి సొంత ఊరు ఆ పక్కనే. ఆవిడ చదువుతూ చదువుతూ ఆగారు.

"ఒరేయ్, మీ నేలలో ఏం పండిద్దిరా?"

"పత్తి, మిరప మేడమ్."

"మరి దీంట్లో కాలవ గట్టు మీద నాట్లు వేస్తన్నారు. రైసు మిల్లులున్నాయి. ఎప్పుడు ముంచార్రా ఊరిని?"

వాడు నేల చూశాడు. అది పొన్నూరు ప్రాజెక్టు. షాపువాడు ఊరి పేరు మార్చాడు గాని వరిని మార్చడం మరిచిపోయాడు. ఆవిడ లేచి, వాణ్ణి వెంటబెట్టుకుని రోడ్డు దాటి జిరాక్స్ షాపుకు వెళ్ళారు. ఏం జరుగుతుందో చూద్దామని మిగతా పిల్లలూ వెళ్ళారు, వాళ్ళ వెనక నేనూ వెళ్ళాను. ఆవిడ రిపోర్టు కౌంటర్ మీద పెట్టి, షాపు యజమానిని వైవా అడగడం మొదలుపెట్టారు. ఈ రైతుల్ని ఎక్కడ కలిశావు, ఏ వేళప్పుడు కలిశావు, వాళ్ళేమన్నారు అని. ఆయన మొదట నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి చెమట తుడుచుకున్నాడు.

"నాకేం తెలుసు మేడమ్, నేను బైండింగ్ వేసేవోణ్ణి."

"రాసింది నువ్వేగా. మార్కులు నీకే వెయ్యాలి. నీ హాల్ టికెట్ నంబరు చెప్పు."

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగి నవ్వారు. ఆ కుర్రాడు ఏడ్చాడు. మర్నాడు తన ఊరికే వెళ్ళి, తన బాబాయి చేలోనే మిరపకాయలు కోసే కూలీల దగ్గర కూర్చుని రాసుకొచ్చాడు. మామూలుగానే ఉంది. ఆవిడ మిరపకాయ తియ్యలేదు. కాని సంతకం పెట్టారు.

సంతకానికి ఆవిడ నియమం ఒకటే. ఎవరి గురించి రాశావో వాళ్ళకు చదివి వినిపించి రావాలి. వాళ్ళు విని, ఇది కాదు అన్నది తీసెయ్యాలి, ఇది కూడా రాయి అన్నది రాయాలి. అప్పుడే రిపోర్టు అయినట్టు. తెలుగులో రాయించడానికి కారణం కూడా అంతే. చదివితే వాళ్ళకు అర్థం కావాలి కదా. ఇంగ్లీషు ప్రతి కావాలంటే దాని తర్వాత. పిల్లలకు ఇది పెద్ద శిక్షగా ఉండేది. ఊళ్ళోకి ఒకసారి వెళ్ళడమే కష్టం, మళ్ళీ వెళ్ళి వాళ్ళ మొహాల ముందు నిలబడి చదవడం ఇంకా కష్టం. రాసేటప్పుడు రాని సిగ్గు చదివేటప్పుడు వస్తుంది. ఆ సిగ్గు వస్తుందనే ఆవిడ పంపించేవారు.

చీమకుర్తి గ్రానైట్ పనికి ఒడిశా నుంచి వచ్చిన కూలీల మీద ఒకడు రాశాడు. 'వలస కార్మికులు దుర్భరమైన జీవితం గడుపుతున్నారు' అని మొదలుపెట్టాడు. చదివి వినిపించి రమ్మంటే వెళ్ళి, తిరిగొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"వాళ్ళు తిట్టారు మేడమ్. మేస్త్రీ హిందీలో చెప్పాడు వాళ్ళకి. మేం దిక్కులేనోళ్ళమా, నీకెవరు చెప్పారు అన్నారు. కూర్చోబెట్టి అన్నం పెట్టారు."

"పెట్టారా? ఏం కూర?"

"చేపల పులుసు మేడమ్."

"బాగుందా?"

"మా ఇంట్లో కన్నా బాగుంది మేడమ్."

ఆవిడ 'దుర్భరమైన' మీద గీత పెట్టి, మిగతాది ఏమన్నారో చెప్పమన్నారు. వాళ్ళు చెప్పింది వేరే. రాయి కోసే చోట దుమ్ముకు కట్టుకోడానికి గుడ్డలు అడిగితే యజమాని ఇవ్వలేదన్నది. అది రాయమన్నారట. దుర్భరం అన్న మాట పోయింది, గుడ్డల సంగతి వచ్చింది. ఈ పద్ధతికి పేరుందేమో నాకు తెలియదు. ఆవిడ ఏ పేరూ పెట్టలేదు. చదివి వినిపించావా అని అడిగేవారు, అంతే.

ఆ నియమం ప్రకారం నేను ఇది రాయకూడదు. వినాల్సిన మనిషి లేరు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ అమ్మాయి ప్రాజెక్టు సంగతి మా కాలేజీలో ఇంకెవరూ రాయరు.

ఆ అమ్మాయి గుంటూరు శివార్లలో ఉండేది. తల్లి మిరప షెడ్డులో ముచ్చికలు తీసే పనికి వెళ్ళేది. ఎండుమిరపకాయకున్న తొడిమను వలిచి వేరుచేసే పని అది. కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లలో ఆడవాళ్ళు పోగుల చుట్టూ కూర్చుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తీస్తారు. అమ్మాయి ఆ పని మీదే ప్రాజెక్టు చేసింది. తనకు తెలిసిందే కదా అని ఎంచుకుంది. కాని షెడ్డులో కూర్చున్నాక తనకు తెలియనిది ఒకటి కనబడింది. ముచ్చికలు తీసే చేత్తో పసిబిడ్డను ముట్టుకోవడం కుదరదు. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు, బిడ్డ కళ్ళు మండిపోతాయి. అందుకని ఆ షెడ్డులోని ఆడవాళ్ళు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజుకొక మనిషి మిరపకాయ ముట్టుకోదు. అందరి బిడ్డల్నీ ఆమె ఎత్తుకుంటుంది, నీళ్ళు తాగిస్తుంది, ఉయ్యాల ఊపుతుంది. ఆమె వంతు పోగును మిగతావాళ్ళు తలా కాస్త పంచుకుని వలుస్తారు. ఆ రోజుకు ఆమెను 'పిల్లల చెయ్యి' అంటారు. 'ఇవ్వాళ పిల్లల చెయ్యి ఎవరు?' అని పొద్దున్నే ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. షెడ్డు యజమానికి దీంతో ఏ సంబంధం లేదు. తెలిస్తే ఒక మనిషి ఖాళీగా ఉందని మాన్పించేస్తాడేమోనన్న భయం కూడా ఉంది.

అమ్మాయి ఇదంతా రాసింది. చదివి వినిపించింది. షెడ్డు పేరు, మనుషుల పేర్లు తీసెయ్యమన్నారు, తీసేసింది. మిగతాది బాగుంది, ఉంచమన్నారు. ఆవిడ ఆ రిపోర్టు చదువుతుంటే మధ్యాహ్నం బెల్లు కొట్టినా లేవలేదు. డబ్బా ఖాళీ అయింది.

ఆ సంవత్సరం కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. మంచి ప్రాజెక్టు ఒకటి చూపించాలని విభాగాధిపతి దీన్ని తీసుకున్నారు. తెలుగులో ఉంటే పనికిరాదు గనక, ఫోనులో ఒక సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి ఇంగ్లీషు చేయించారు. చేయించి, అక్కడక్కడా సొంతంగా మెరుగులు పెట్టారు. గైడ్ సంతకానికి ఆవిడ దగ్గరికి పంపారు. ఆ ఇంగ్లీషు తప్పుల్లేని ఇంగ్లీషు. నేనూ చదివాను. అందులో ఆడవాళ్ళ చేతులు మండటం లేదు, 'కొంత వృత్తిపరమైన అసౌకర్యం' ఉంది. షెడ్డు పేరు మళ్ళీ వచ్చి చేరింది, ఫోటోతో సహా. ఇక పిల్లల చెయ్యి ఉన్నచోట, 'కార్మికుల సంక్షేమం దృష్ట్యా యాజమాన్యం పని స్థలంలోనే శిశు సంరక్షణ సదుపాయాన్ని నిర్వహిస్తోంది' అన్న అర్థంతో ఒక వాక్యం ఉంది.

ఆవిడ పెన్ను మూతతో తట్టలేదు. తర్వాత వెళ్ళి విభాగాధిపతిని అడిగారు. ఆయన, నెగెటివ్‌గా ఉంటే బృందానికి బాగుండదు కదా మేడమ్, మనం చెడ్డ మాటేం రాయలేదుగా, మంచే రాశాం అన్నారట. ఆ 'మంచే రాశాం' అన్నది నాకు చెబుతూ ఆవిడ నవ్వారు. అలాంటి నవ్వు ఆవిడ మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

సంతకం పెట్టకపోతే నష్టం ఆవిడకు కాదు, అమ్మాయికి. గైడ్ సంతకం లేని ప్రాజెక్టుకు మార్కులుండవు. మార్కుల్లేకపోతే డిగ్రీ ఆగుతుంది, యూనివర్సిటీలో చేరడం ఆగుతుంది. సంతకం పెడితే, ఆ ఆడవాళ్ళు ఒకళ్ళ కోసం ఒకళ్ళు చేసుకున్న పనిని వాళ్ళ యజమానికి కట్టబెట్టినట్టు. ఆవిడ మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, మీరూ రండి. నేను ఈ ఇంగ్లీషుని తెలుగులో చెబుతా వాళ్ళకి. ఎక్కడన్నా కోపంతో తప్పుగా చెబితే పట్టుకోండి" అన్నారు.

అమ్మాయితో కలిపి ముగ్గురం ఆటోలో వెళ్ళాం. షెడ్డులోకి అడుగు పెట్టగానే నాకు దగ్గు వచ్చింది. వాళ్ళకు రాలేదు. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ. అమ్మాయిని చూసి అందరూ జరిగి చోటిచ్చారు. ఆ రోజు పిల్లల చెయ్యి ఒక పెద్దావిడ. ఒళ్ళో ఒక బిడ్డ, పక్కన గోనెపట్టా మీద ఇంకో బిడ్డ. మేడమ్ కింద కూర్చుని, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పారు. గొంతులో ఏ భావమూ లేకుండా చెప్పారు. నేను పట్టుకోవాల్సిన తప్పు ఒక్కటి కూడా రాలేదు. అసౌకర్యం దగ్గర ఒకామె తన చేతులు చూసుకుంది. శిశు సంరక్షణ దగ్గరకొచ్చేసరికి ముందు ఎవరికీ అర్థం కాలేదు. యాజమాన్యం బిడ్డల్ని చూసుకుంటోందని రాశారమ్మా అని మేడమ్ విడమరిచి చెప్పారు. అందరూ పగలబడి నవ్వారు. పెద్దావిడ ఒళ్ళో బిడ్డను ఎత్తి చూపించి, "ఇదుగో అమ్మా యాజమాన్యం. ఇందాకే నా చీర తడిపాడు" అంది. నవ్వు ఇంకా పెరిగింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు.

"మా మొహాన కనీసం సబ్బు ముక్క పడెయ్యనోడా, మా బిడ్డల్ని చూసేది?" అంది ఇంకొకామె.

మేడమ్ మొత్తం చెప్పారు. సంతకం పెడితే ఏమిటి, పెట్టకపోతే ఏమిటి అన్నదంతా. అమ్మాయి తల్లి అక్కడే ఉంది, తలొంచుకుని కూర్చుంది. వాళ్ళు తమలో తాము కాసేపు గొణుక్కున్నారు. చివరికి పెద్దావిడే చెప్పింది.

"పిల్ల చదువు ఆగకూడదు. నువ్వు సంతకం పెట్టమ్మా. కాని మా సంగతి దాంట్లో వద్దు. మా షెడ్డు వద్దు, మా బిడ్డలు వద్దు. తీసేసి పెట్టండి."

ఆవిడ తిరిగొచ్చి విభాగాధిపతికి అదే చెప్పారు. ఆయన ఆశ్చర్యంగా చూసి, "అది తీసేస్తే ఇంకేముంది మేడమ్ ఇందులో? అదేగా హైలైటు" అన్నారు. ఇది నేను విన్నాను. ఆయన లైబ్రరీకి వచ్చి, నా ఎదురుగానే అన్నారు. తను ఏమన్నారో ఆయనకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తెలిసుంటే మైకు పట్టుకుని బాటల గురించి మాట్లాడేవారు కాదు.

ఆవిడ ఆయన ముందే సంతకం పెట్టారు. పెట్టి, దాని కింద తెలుగులో ఒక వాక్యం రాశారు: 'ఇందులో ఉన్నవాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు.' ఆయన ఆ పేజీ తీసుకెళ్ళారు. మర్నాటికి ఆ పేజీ మారిపోయింది. గైడుగా ఇంకో లెక్చరర్ పేరు, ఇంకో సంతకం. ఆ లెక్చరర్ ఆ షెడ్డు ఎక్కడుందో కూడా అడగలేదు. అమ్మాయి ఏడుస్తూ వచ్చి, బృందం ముందు తను నిలబడి చెప్పనంది. మేడమ్ కసిరారు. "పిచ్చి వేషాలెయ్యకు. పెద్దావిడ ఏం చెప్పింది? చదువు ఆగకూడదంది. అది కూడా వాళ్ళ మాటే. నిలబడి చెప్పి, మార్కులు తీసుకుని రా. సంతకం సంగతి నా తలకాయ నొప్పి" అన్నారు. అమ్మాయి చెప్పింది. బృందం చప్పట్లు కొట్టింది. సంక్షేమం గురించి ఒకాయన ప్రత్యేకంగా మెచ్చుకున్నారని తర్వాత నోటీసు బోర్డులో పెట్టారు.

ఆ ఏడు తర్వాత ఆవిడకు ప్రాజెక్టులు ఇవ్వలేదు. పని భారం తగ్గించామన్నారు. బల్ల ఖాళీగా ఉండేది. లైబ్రరీ నిశ్శబ్దంగా ఉండేది, ఉండాల్సినట్టే.

కాని దానికి ముందు, బృందం వెళ్ళిపోయిన వారంలోనే, సెలవు రోజు చూసుకుని ఆవిడ మళ్ళీ షెడ్డుకు బయల్దేరారు. ఎందుకండీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నాను. "వాళ్ళు తీసెయ్యమన్నారు. మనం తియ్యలేదు. వాళ్ళకి తెలియాలి కదా. ఎవరో ఒకరు చెప్పాలి కదా" అన్నారు. అమ్మాయి వచ్చింది, నేనూ వెళ్ళాను.

అదే షెడ్డు, అవే పోగులు. పెద్దావిడ ఈసారి పనిలో ఉంది. ఆ రోజు పిల్లల చెయ్యి ఇంకెవరో చిన్న వయసామె. మేడమ్ దాచకుండా చెప్పారు. మీరు వద్దన్నా వేశారు, నేను ఆపలేకపోయాను అన్నారు. ఎవరూ చెయ్యి ఆపలేదు. ముచ్చికలు తెగుతున్న చిన్న చప్పుడు వినబడుతూనే ఉంది. చివరికి పెద్దావిడ తల ఎత్తకుండానే అంది.

"మరి మమ్మల్నెందుకు అడిగావమ్మా?"

ఆవిడ అమ్మాయి వైపు తిరిగి, "రాయి" అన్నారు. "ఏం జరిగిందో అదే రాయి. మన దగ్గరున్న తెలుగు రిపోర్టు చివర రాయి."

అమ్మాయి తన సంచీలోంచి ఆ రిపోర్టు తీసి, చివరి పేజీలో రాసి, చదివి వినిపించింది. 'షెడ్డులో ఉన్నవాళ్ళు తమ సంగతి తీసెయ్యమన్నారు. కాలేజీ వినలేదు.'

పెద్దావిడ చెయ్యి ఆగింది.

"వినకపోవటమేంది? మేడమ్ చెప్పింది, ఈ సారూ ఉన్నాడు. విన్నారు. విని వేశారు. అట్టా రాయి."

అమ్మాయి కొట్టేసి రాసింది. మేడమ్ కళ్ళజోడు కిందికి దించుకుని ఆ వాక్యాన్ని చూశారు.

"మళ్ళీ చదువు" అన్నారు.